తీసివేత

నాలుగు వేలలోంచి ఏడు తీసెయ్యాలి.
మాల్యాద్రి ప్రతిసారీ సున్నా దగ్గరే ఆగిపోతాడు.
"ఏమీ లేనిదాంట్లోంచి ఎట్టా తీసేది టీచర్?"
"పక్కింటికెళ్ళి అప్పు తెచ్చుకో" అంటాను,
ఇరవై ఆరేళ్ళుగా అన్నట్టే.

వాడి వేళ్ళ మధ్య చాక్‌పీసు కనపడదు,
గోరే రాస్తున్నట్టుంటుంది.
జూన్‌లో ఇచ్చిన పెట్టె దసరాకి ముందే ఖాళీ.
విరిగిన ముక్కలన్నీ ఏరి
వక్కపొడి డబ్బాలో దాచాను.

కనిగిరి బస్సు దిగి రెండు మైళ్ళు నడిస్తే మా బడి.
రెండు గదులు. ఒకటి కురుస్తుంది.
కురవని గదిలో అయిదు తరగతులు.
ఉన్న ఒక్క నల్లబల్లకి సుద్దతో గట్లు వేసి
అన్నదమ్ముల చేనులా పంచాను:
ఈ చెక్కలో అచ్చులు, ఆ మూల భిన్నాలు.
నడిమి తరగతుల వాళ్ళని కాసేపు
కిటికీలోంచి సుబాబుల్ తోట చూడమంటాను.
అదీ పాఠమే అనుకోవాలి.

నీళ్ళ ఫిల్టరు ఆగిపోయి రెండేళ్ళు.
లోపలి గొట్టం మార్చడానికి పన్నెండు వందలు.
మూడు అర్జీలు పెట్టాను.
"గ్రాంటు పడలేదు మేడం" అన్నాడు
మండలాఫీసు గుమాస్తా.
అబద్ధం కాదు,
ఆయన కుర్చీ నాలుగో కాలు ఇటుకరాయి.
మా బోరునీళ్ళు తాగిన పళ్ళు
అడక్కుండానే ఊరి పేరు చెప్పేస్తాయి.
మస్తాన్‌బీ చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్వుతుంది.
ఎనిమిదేళ్ళది.
ఆ పాఠం నేను చెప్పలేదు.

వంట చేసే యలమందమ్మకి బిల్లులు రాక
నాలుగో నెల.
శెట్టి అంగట్లో ఖాతా మూసేశారు.
ఆమె నెలల్ని కేలెండర్లో చూడదు:
"తెల్లమేక ఆగస్టు టీచరమ్మా,
చుక్కలది సెప్టెంబరు.
ఇంకోటుండాది గానీ అది చూలుతో ఉంది,
దాన్నెట్టా అమ్మేది?"
అంటూనే
నీళ్ళపప్పుని అడుగు నుంచి కలిపి
గరిటె నిండుగా పోస్తుంది.

మొన్న సోమవారం కాగితం వచ్చింది.
అందులో ఒక మాట: హేతుబద్ధీకరణ.
అయిదో తరగతిని చదవమన్నాను.
ఒక్కరికీ నోరు తిరగలేదు.
నాకు తిరిగింది, అర్థమూ అయింది:
మూడు నుంచి పైతరగతులు పొదిలి రోడ్డు అవతలి బడికి.
పదిహేడు మందిలో పదకొండు మంది.
నా పేరు ఎదురుగా, గడిలో, చిన్న అక్షరాలతో
'మిగులు'.

మిగులంటే మా ఇంట్లో
పొద్దున్నే మజ్జిగ పోసుకునే అన్నం.
అయిదు తరగతులకి ఒక్కదాన్ని,
పలక పగిలినా నేనే, ముక్కు కారినా నేనే,
గుడ్ల లెక్క, బూట్ల సైజు, మరుగుదొడ్డి ఫొటో,
అన్నీ నేనే.
ఎట్లా మిగిలానో
ఎంత కూడినా తేలడం లేదు.

మస్తాన్‌బీ నాయనమ్మ వచ్చి గడప దగ్గరే నిలబడింది.
అమ్మానాన్నలు హైదరాబాదులో, సెంట్రింగు పనికి.
"లారీలు తిరిగే రోడ్డమ్మా అది,
నాకు కళ్ళానవు, ఎవురు దాటిస్తారు?
కాస్త చదవను రాను వచ్చింది గదా,
చాల్లే."
చాల్లే అన్న మాటకి
నా దగ్గర జవాబు ఉండాల్సింది.
"కూర్చోండమ్మా" అన్నాను.
కూర్చోడానికి కుర్చీ చూశాను.

ఇంతలో బల్ల దగ్గర్నుంచి మాల్యాద్రి:
"టీచర్, పక్కింట్లోనూ సున్నాయే."
"ఆ పక్కింటికెళ్ళు."
"అక్కడా సున్నాయే."
"ఇంకా పక్కకెళ్ళరా, చివరింట్లో ఉన్నాయి."
వెళ్ళాడు. నాలుగు కొట్టేసి మూడు చేశాడు.
దారిలో ఒక్కో సున్నానీ తొమ్మిది చేసుకుంటూ
తిరిగొచ్చి
మూడు వేల తొమ్మిది వందల తొంభై మూడు అని
సరిగ్గానే వేశాడు.

వేసి, చెయ్యి నిక్కరుకి తుడుచుకుని,
ఆ నాలుగు ఉండిన చోటు వంక చూస్తూ అడిగాడు:
"ఆ అప్పు మళ్ళీ ఎప్పుడిస్తాం టీచర్?"

ఇరవై ఆరేళ్ళలో ఎవరూ అడగలేదు.
గంట కొట్టమన్నాను.
ఇంకా పన్నెండు కాలేదు.